పాఠం కోసం పరాయి పుస్తకం: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఈ నెల శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో అధిక భాగం కోనసీమ, కాకినాడ, భీమవరం, తణుకు, రాజమహేంద్రవరం ప్రాంతాల్లో కళాశాల చదువులు చెప్పేవారు, చదువుకునేవారు రాసినవి. ఇతరుల పుస్తకాన్ని, బొమ్మను, సినిమాను, వ్యాసాన్ని పాఠం కోసం ఎంతవరకు వాడుకోవచ్చు అన్నదే దాదాపు అందరి సందేహం. వారు కోరినందున పేర్లు, కళాశాలల వివరాలు వేయడం లేదు. స్థలాభావం వల్ల ఉత్తరాలను కుదించాం.

ప్రశ్న: అమలాపురం దగ్గర ఒక డిగ్రీ కళాశాలలో అర్థశాస్త్రం బోధిస్తున్నాను. సిలబస్ మొత్తానికి సరిపోయే పుస్తకం ఏ ఒక్కటీ లేనందున ఆరు పుస్తకాల నుంచి ఒక్కో అధ్యాయం ఎంచి, కళాశాల ఎదుట ఉన్న జిరాక్సు దుకాణంలో ఒక ప్రతి ఉంచాను. పిల్లలు దానినుంచి ప్రతులు తీయించుకుని స్పైరల్ బైండింగ్ చేయించుకుంటున్నారు. దుకాణదారు మామూలు జిరాక్సు ధరే తీసుకుంటున్నాడు. ఇటీవల ఒక ప్రచురణ సంస్థ ప్రతినిధి వచ్చి ఇది నేరమని, కేసు పెడతామని అతణ్ణి హెచ్చరించి వెళ్ళారు. ప్రిన్సిపాల్ గారు వెంటనే ఆపేయమంటున్నారు. నేను చేసింది తప్పేనా?

జవాబు: మీరు రాసిన మేరకు చూస్తే మీరు చేసింది తప్పు కాదు, దుకాణదారు చేసిందీ తప్పు కాదు. ఎందుకు కాదో తెలిస్తేనే ప్రిన్సిపాల్ గారికి నచ్చజెప్పగలరు కాబట్టి కొంత వివరంగా రాస్తున్నాను.

1957 నాటి కాపీరైట్ చట్టం రచయితకూ, ఆయన దగ్గర హక్కులు పొందిన ప్రచురణకర్తకూ కొన్ని ప్రత్యేక హక్కులు కల్పిస్తూనే, సెక్షన్ 52లో కొన్ని పనులను పేరుపేరునా చెప్పి, అవి అసలు ఉల్లంఘన కిందికే రావని ప్రకటించింది. అంటే అవి హక్కుదారు దయతో అనుమతించే మినహాయింపులు కావు. ఆయన హక్కు అక్కడిదాకా రానే రాదు. అలాంటి వాటిలో ఒకటి 52(1)(ఐ). బోధన సాగే క్రమంలో ఉపాధ్యాయుడు గానీ విద్యార్థి గానీ ఏ రచనకైనా ప్రతి తీయవచ్చని, పరీక్షలో అడిగే ప్రశ్నల్లోనూ వాటికి రాసే సమాధానాల్లోనూ దాన్ని వాడుకోవచ్చని ఆ నిబంధన చెబుతుంది. అందులో పేజీల లెక్క లేదు, శాతం లేదు. పది శాతం దాటకూడదనీ, ఒక అధ్యాయానికి మించకూడదనీ స్టాఫ్ రూముల్లో తరచు వినిపించే మాటలకు మన చట్టంలో ఆధారం లేదు.

ఈ నిబంధన అర్థం ఏమిటన్నది ఢిల్లీ హైకోర్టులో బాగా నలిగింది. ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ఆవరణలో విశ్వవిద్యాలయం లైసెన్సుతో నడిచే రామేశ్వరి ఫోటోకాపీ సర్వీస్ మీద, విశ్వవిద్యాలయం మీద 2012లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయాల ముద్రణాలయాలూ టేలర్ అండ్ ఫ్రాన్సిస్ సంస్థా కలిసి దావా వేశాయి. వారి అభ్యంతరమల్లా సరిగ్గా మీరు తయారు చేసినటువంటి సంకలనాల మీదే. సింగిల్ జడ్జి 2016 సెప్టెంబరు 16న ఆ దావాను కొట్టివేశారు. దానిమీద అప్పీలు విన్న ఇద్దరు న్యాయమూర్తుల డివిజన్ బెంచ్ అదే ఏడాది డిసెంబరు 9న మరికొంత జాగ్రత్తగా తీర్పు చెప్పింది. బోధనా క్రమం అంటే గంట కొట్టినప్పటి నుంచి మళ్ళీ గంట కొట్టేదాకా గదిలో జరిగేది మాత్రమే కాదని, పాఠానికి ముందు చదివి రావలసినదీ తరువాత చదువుకోవలసినదీ కూడా అందులో భాగమేనని అన్నది. ప్రతిని ఉపాధ్యాయుడు స్వహస్తాలతో తీశాడా, ఆయన తరఫున మరొకరు యంత్రం మీద తీశారా అన్నది ముఖ్యం కాదన్నది. ఎంత తీశారన్న దానికంటే, తీసినది ఆ బోధనా ప్రయోజనానికి అవసరమైనదేనా అన్నదే గీటురాయి అని తేల్చింది. అయితే ఆ సంకలనాల్లో చేర్చిన భాగాలు నిజంగా ఆ కోర్సుకు అవసరమైనవేనా, పూర్తి పుస్తకాలకు ప్రతులు తీయడం చెల్లుతుందా అన్న రెండు విషయాలను విచారణ జరిపి తేల్చమని కింది న్యాయమూర్తికి తిప్పి పంపింది. ఆ విచారణ జరగకముందే 2017 మార్చిలో ప్రచురణకర్తలు దావాను వెనక్కి తీసుకున్నారు. హక్కుదారుల సంఘం సుప్రీంకోర్టుకు వెళ్ళగా, ఆ పిటిషన్‌ను కోర్టు 2017 మేలో తోసిపుచ్చింది. ఢిల్లీ హైకోర్టు తీర్పు మన రాష్ట్ర హైకోర్టును కట్టివేయదు గానీ, కేంద్ర చట్టానికి చెప్పిన అర్థం కనుక దానికి ఇక్కడా మంచి విలువ ఉంటుంది.

ఇక మీరు తీసుకోవలసిన జాగ్రత్తలు. పూర్తి పుస్తకాన్ని అట్ట నుంచి అట్ట దాకా తీయించకండి; కోర్టు తేల్చకుండా విడిచిపెట్టింది సరిగ్గా ఆ విషయాన్నే. మార్కెట్లో సులువుగా దొరికే, విద్యార్థుల కోసమే రాసిన పాఠ్యపుస్తకం విషయంలో మరీ జాగ్రత్త అవసరం, ఎందుకంటే తెలుగులో విశ్వవిద్యాలయ స్థాయి పుస్తకం వేసే చిన్న ప్రచురణకర్తకు దాన్ని కొనే లోకమంతా ఆ శాఖ విద్యార్థులే. ఆ పుస్తకాన్ని మనమే జిరాక్సు తీయించి, తెలుగులో మంచి పుస్తకాలు రావడం లేదని మనమే బాధపడటంలో అర్థం లేదు. సంకలనం మొదటి పేజీలో పేపరు పేరు, సెమిస్టరు, ఏ యూనిట్‌కు ఏ అధ్యాయం, అది ఏ పుస్తకంలో ఏ పేజీ నుంచి ఏ పేజీ దాకా ఉన్నది, రచయిత ఎవరు, ప్రచురణకర్త ఎవరు అన్న పట్టిక పెట్టండి. ఏటా సిలబస్ మారినప్పుడు అందులో అక్కరలేనివి తీసివేయండి. ఎవరైనా అడిగినప్పుడు మీ తరఫున మాట్లాడేది ఆ ఒక్క పేజీయే. దుకాణదారు మాత్రం ముందే వంద ప్రతులు బైండు చేసి గుట్టగా పేర్చి, రావులపాలెం, మండపేట కళాశాలల పిల్లలకు కూడా అట్ట మీద ధర వేసి అమ్మడం మొదలుపెడితే, అది మీ తరగతి బోధన కాదు, పుస్తక వ్యాపారం. అప్పుడు ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా విధించే సెక్షన్ 63 గురించి ఆ ప్రతినిధి గుర్తు చేసినా కాదనలేం.

ప్రశ్న: కాకినాడలో బీటెక్ చదువుతున్నాను. సీనియర్లు నడిపే టెలిగ్రామ్ ఛానెల్‌లో అన్ని సబ్జెక్టుల పుస్తకాల పీడీఎఫ్‌లు ఉంటాయి. కొందరు డిజైన్ సాఫ్ట్‌వేర్ కూడా క్రాక్ చేసినది పెడతారు. చదువు కోసమే కాబట్టి ఫర్వాలేదని అందరూ అంటారు. నిజమేనా?

జవాబు: నిజం కాదు. మీ అధ్యాపకుడు రేపటి పాఠానికి కావలసిన అధ్యాయాన్ని స్కాన్ చేసి మీ తరగతి గ్రూపులో పెడితే, పై జవాబులో చెప్పిన బోధన నిబంధన దాన్ని కాపాడుతుందని ధీమాగా వాదించవచ్చు. ఎవరు కావాలంటే వారు చేరగల ఛానెల్‌లో వందల పుస్తకాలను పూర్తిగా ఎక్కించడం బోధన కాదు. అది రచనను ప్రజలందరికీ అందుబాటులో ఉంచడం, ఆ హక్కు యజమానిదే. ధవళేశ్వరం కాలువ నీటిని వంతు ప్రకారం చేలోకి పెట్టుకునే రైతుకూ, గట్టుకు గండి కొట్టేవాడికీ ఉన్న తేడా ఇది. స్వంత వినియోగానికి, పరిశోధనకు న్యాయసమ్మతంగా వాడుకోవచ్చని 52(1)(ఏ) చెబుతుంది గానీ, దొంగ ప్రతి నుంచి పుస్తకం మొత్తం దించుకోవడాన్ని న్యాయసమ్మతమని నిలబెట్టడం కష్టం.

సాఫ్ట్‌వేర్ విషయంలో చట్టం ఇంకా కఠినం. 52(1)(ఏ)లో ఇచ్చిన వెసులుబాటు కంప్యూటర్ ప్రోగ్రాములకు వర్తించదని అక్కడే రాసి ఉంది. దొంగ ప్రతి అని తెలిసి కూడా కంప్యూటర్ మీద ప్రోగ్రాము వాడితే సెక్షన్ 63బి కింద విడిగా శిక్ష ఉంది. చాలా డిజైన్ సాఫ్ట్‌వేర్ కంపెనీలు విద్యార్థులకు ఉచిత లైసెన్సు ఇస్తాయి. కళాశాల మెయిల్ చిరునామాతో నమోదు చేసుకుంటే చాలు. అంత తేలికగా దొరికేదాన్ని వదిలి వైరస్‌తో సహా క్రాక్ తెచ్చుకోవడం నాకు ఎప్పుడూ అంతుపట్టదు.

ప్రశ్న: రాజమహేంద్రవరంలో తెలుగు శాఖ అధ్యాపకురాలిని. గోదావరి సీమ రచయితల కథలు, కవితలు కొన్ని ఏర్చి డిగ్రీ విద్యార్థులకు ఒక వాచకంగా అచ్చువేసి, ఖర్చుకు తగిన ధరకు ఇవ్వాలని మా శాఖ అనుకుంటోంది. ఎవరి అనుమతి తీసుకోవాలి?

జవాబు: అచ్చువేసి అమ్మడం అన్నప్పుడు జిరాక్సు సంకలనం గురించి చెప్పిన మాటలను పూర్తిగా మరచిపోండి. ఇక్కడ ముందు చూడవలసింది రచయిత మరణించిన సంవత్సరం. మన దేశంలో సాహిత్య రచన మీద హక్కు రచయిత జీవితకాలమూ, ఆయన మరణించిన మరుసటి జనవరి 1 నుంచి 60 సంవత్సరాలూ ఉంటుంది. ఒకప్పుడు అది 50 సంవత్సరాలే. రవీంద్రనాథ్ టాగోర్ రచనల హక్కు ముగిసిపోతున్న తరుణంలో దాన్ని 60కి పెంచారు. అడవి బాపిరాజు గారు 1952లో మరణించారు కాబట్టి ఆయన జీవితకాలంలో వెలువడిన రచనల మీద హక్కు 2012తో తీరిపోయింది. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారు 1961లో పోయారు. 2022 జనవరి 1 నుంచి ఆయన కథలు ఎవరైనా వేసుకోవచ్చు. దేవులపల్లి కృష్ణశాస్త్రి గారు 1980లో కన్నుమూశారు కాబట్టి ఆయన కవితల మీద హక్కు 2040 చివరిదాకా వారసులకో, వారు రాసిచ్చిన ప్రచురణకర్తకో ఉంటుంది.

హక్కు తీరని రచనల కోసం 52(1)(హెచ్) అనే చిన్న తలుపు ఉంది. సంకలనంలో ముఖ్యభాగం హక్కు లేని రచనలై ఉండాలి. బోధన కోసమే తెచ్చిన పుస్తకమని దాని పేరులోనూ ప్రకటనల్లోనూ చెప్పాలి. తీసుకునేవి చిన్న భాగాలై ఉండాలి, అవి మొదటే పాఠ్యపుస్తకాల కోసం ప్రచురించినవి కాకూడదు. ఒకే ప్రచురణకర్త ఐదేళ్ళ వ్యవధిలో ఒకే రచయిత నుంచి అలాంటి భాగాలు రెండుకు మించి వేయకూడదు. అయితే పూర్తి ఖండికను చిన్న భాగం అనిపించుకోవడం కష్టం. కవితల విషయంలో వారసులకు ఒక ఉత్తరం రాసి అనుమతి పొందడమే మేలు, ఆ అనుమతి రాతపూర్వకంగా ఉండాలి. మన ప్రాంతంలో రచయితల కుటుంబాలను వెతికి పట్టుకోవడం అంత కష్టమైన పనేమీ కాదు, అడిగితే పాఠానికి కాదనేవారూ అరుదు.

మరో రెండు మాటలు. హక్కు తీరిన కథను ఈ మధ్య వచ్చిన సంపుటి నుంచి తీసుకున్నప్పుడు ఆ సంపుటి సంపాదకుడు రాసిన ముందుమాట, అధోజ్ఞాపికలు, వేసిన బొమ్మలు తీసుకోకండి. వాటి హక్కు వేరు. అలాగే పిల్లలకు కష్టమని శ్రీపాద వారి మాటలను మీరే మార్చి ఆయన పేరుతోనే వేయకండి. రచన ఆయనదేనని చెప్పవలసిన బాధ్యత, దాన్ని ఆయన పరువుకు భంగం కలిగేలా వికృతం చేయకూడదన్న నియమం సెక్షన్ 57లో ఉన్నాయి, 2012 సవరణ తరువాత రెండవది కాపీరైట్ గడువుతోపాటు ముగిసిపోయేది కాదు. కింద అర్థాలు ఇవ్వండి, మాటను మాత్రం ముట్టుకోకండి.

ప్రశ్న: మా కళాశాలలో ఇంగ్లిష్ విద్యార్థులకు నవల పాఠంతోపాటు దాని ఆధారంగా తీసిన సినిమా చూపించవచ్చునా? కళాశాల వార్షికోత్సవంలో నాటకం వేయడానికి రచయిత అనుమతి కావాలా? (నరసాపురం)

జవాబు: రెండూ చేయవచ్చు. విద్యాసంస్థ కార్యకలాపాల్లో భాగంగా సిబ్బంది, విద్యార్థులు నాటకం ప్రదర్శించడమూ, సిబ్బంది, విద్యార్థులు, వారి తల్లిదండ్రులు, సంరక్షకులు, సంస్థతో సంబంధం ఉన్నవారు మాత్రమే ప్రేక్షకులుగా సినిమా చూపడమూ 52(1)(జె) ప్రకారం ఉల్లంఘన కాదు. ఊరందరినీ పిలిచి టిక్కెట్టు పెడితే ఈ రక్షణ పోతుంది. ప్రదర్శనను వీడియో తీసి ఇంటర్నెట్‌లో పెట్టడం వేరే పని, దానికి అనుమతి కావాలి.

ప్రశ్న: తణుకులో వాణిజ్యశాస్త్రం బోధిస్తాను. ఇంటర్ దాకా తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన పిల్లలకు ఇంగ్లిష్ పుస్తకం కొరుకుడు పడదు. నేను ఒక విదేశీ పుస్తకంలోని కొన్ని అధ్యాయాలను తెలుగులోకి అనువదించి ఇస్తున్నాను. దాన్ని పుస్తకంగా వేయమని మిత్రులు అంటున్నారు.

జవాబు: మీ ఉత్తరం చదివి సంతోషించాను, ఎందుకంటే మన కళాశాలల్లో అందరూ చేయవలసి ఉండీ కొందరే చేస్తున్న పని ఇది.

ముందు ఒక విషయం. ఆ పుస్తకం చదివి, అందులోని విషయాన్ని ఆకళింపు చేసుకుని, మీ మాటల్లో, మన ప్రాంతపు రైస్ మిల్లు ఖాతానో కొబ్బరి వ్యాపారి రోజువారీ పద్దునో ఉదాహరణగా తీసుకుని రాసుకున్న నోట్సు అనువాదం కాదు. అది మీ స్వంత రచన. ఆలోచన మీద, విషయం మీద, పద్ధతి మీద ఎవరికీ కాపీరైట్ ఉండదని, ఆలోచనను వ్యక్తం చేసిన తీరుకే రక్షణ అని సుప్రీంకోర్టు 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో స్పష్టంగా చెప్పింది. దాన్ని మీరు నిరభ్యంతరంగా అచ్చువేసుకోవచ్చు.

వాక్యం వెంట వాక్యం తెలుగు చేస్తే మాత్రం అది అనువాదమే, అనువాద హక్కు మూల రచయితది. సెక్షన్ 52లోని వెసులుబాట్లు అనువాదాల విషయంలోనూ వర్తిస్తాయని అదే సెక్షన్‌లోని రెండవ ఉపనిబంధన చెబుతుంది కాబట్టి, మీ తరగతి పిల్లలకు పాఠంలో భాగంగా ఇచ్చే పేజీల గురించి ఆందోళన అక్కరలేదు. పుస్తకంగా వేయాలంటే హక్కుదారుకు రాసి అనుమతి అడగండి. అనుమతి రాకపోతే, లేదా తగినంత ప్రయత్నించినా హక్కుదారు దొరకకపోతే, చట్టంలోనే సెక్షన్ 32 అనే దారి ఉంది. మన అధ్యాపకుల్లో నూటికి తొంభై మంది ఈ సెక్షన్ పేరే విని ఉండరని నా అనుమానం. విదేశీ రచనను బోధన, విద్వత్తు, పరిశోధన ప్రయోజనాల కోసం భారతదేశంలో వాడుకలో ఉన్న భాషలోకి అనువదించి అచ్చువేయడానికి, అది మొదట వెలువడిన మూడేళ్ళ తరువాత లైసెన్సు కోసం దరఖాస్తు చేసుకోవచ్చు. ఆ భాష అభివృద్ధి చెందిన ఏ దేశంలోనూ సాధారణ వాడుకలో లేనిదైతే ఒక్క ఏడాది ఆగితే చాలు. తెలుగు ఈ రెండవ కోవకు చెందుతుందనడంలో నాకు సందేహం లేదు. లైసెన్సు వస్తే హక్కుదారుకు నిర్ణయించిన రాయల్టీ చెల్లించాలి. మూల రచన భారతీయుడిదైతే ఈ తక్కువ గడువులు వర్తించవు. ప్రచురణ జరిగి ఏడేళ్ళు గడిచినా ఆ భాషలో అనువాదం రాకపోతేనో, వచ్చి అమ్ముడైపోతేనో దరఖాస్తుకు వీలుంటుంది.

ఇది ఖర్చూ ఓపికా కావలసిన వ్యవహారం. ఒంటరిగా కాక, మీ కళాశాల గానీ విశ్వవిద్యాలయం గానీ ముందుకు వచ్చి చేయవలసిన పని. అయితే చాలామంది ప్రచురణకర్తలు తెలుగు అనువాదం మీద పెద్ద రాబడి ఆశించరు కాబట్టి మర్యాదగా రాసిన ఉత్తరంతోనే పని జరిగే అవకాశం ఎక్కువ.

ప్రశ్న: భీమవరంలో ఆక్వాకల్చర్ బోధిస్తున్నాను. నా పాఠాలను యూట్యూబ్‌లో పెడితే, రొయ్య శరీర నిర్మాణం బొమ్మ ఒక పుస్తకంలోదని ప్రచురణకర్త ఫిర్యాదు చేయగా వీడియో తీసేశారు. తరగతిలో అదే బొమ్మ చూపించినప్పుడు ఎవరూ ఏమీ అనలేదు. మరో సందేహం: ఆ వీడియోలు నావా, కళాశాలవా?

జవాబు: తరగతిలో చూపినప్పుడు అది మీ విద్యార్థులకు చేసిన బోధన. యూట్యూబ్‌లో పెట్టాక చెరువు గట్టు మీద కూర్చున్న రైతూ, మరో రాష్ట్రంలోని అధ్యాపకుడూ, ప్రకటనలు వేసే కంపెనీ కూడా దానిలో భాగస్వాములే. మీ తరగతి వారే లాగిన్ అయి చూడగల చోట పెట్టి ఉంటే మీ వాదన బలంగా ఉండేది.

అసలు పరిష్కారం మీ చేతిలోనే ఉంది. రొయ్యకు ఐదు జతల నడక కాళ్ళు, పొట్ట కింద ఐదు జతల ఈత కాళ్ళు ఉంటాయన్నది ప్రకృతి సత్యం, దాని మీద ఎవరికీ హక్కు లేదు. హక్కు ఆ చిత్రకారుడు గీసిన గీతల మీద, వేసిన నీడల మీద, అమరిక మీద మాత్రమే. మీ ఊళ్ళో రొయ్యకు కొదవా? ఉదయం చెరువు దగ్గర పట్టిన ఒక వెనామీని తెల్లటి పళ్ళెంలో పెట్టి మీరే ఫోటో తీసి, బాణం గుర్తులతో భాగాల పేర్లు రాయండి. పుస్తకంలోని గీత బొమ్మకంటే పిల్లలకు అదే బాగా అర్థమవుతుంది, దాని హక్కూ మీదే. లేదంటే క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో, అంటే హక్కుదారే కొన్ని షరతులతో అందరినీ వాడుకోనిచ్చిన బొమ్మలు వెతకండి. వాటిలోనూ కొన్నింటికి వ్యాపార వినియోగం నిషిద్ధం, కొన్నింటిని మార్చి వాడితే ఫలితాన్నీ అదే లైసెన్సుతో విడుదల చేయాలి. కాబట్టి లైసెన్సులోని ఆ చిన్న అక్షరాలు చదవండి. ఐఐటీలు ఆన్‌లైన్‌లో అందించే ఎన్‌పీటీఈఎల్ పాఠాలు కూడా క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కిందే ఉన్నాయి.

వీడియోల యాజమాన్యం గురించి: ఉద్యోగ ఒప్పందం కింద, ఉద్యోగ విధుల్లో భాగంగా చేసిన రచనకు, వేరే ఒడంబడిక లేకపోతే, యజమానే మొదటి హక్కుదారు అని సెక్షన్ 17 చెబుతుంది. కళాశాల స్టూడియోలో, కళాశాల ఖర్చుతో, ప్రిన్సిపాల్ ఆదేశంతో తీసిన వీడియో ఒక లెక్క. ఇంట్లో, సెలవు రోజున, మీ ఫోనుతో తీసినది ఇంకో లెక్క. మీ నియామక పత్రం, సర్వీసు నిబంధనలు ఒకసారి తీసి చూసి, అస్పష్టంగా ఉంటే ఇప్పుడే యాజమాన్యంతో కాగితం మీద తేల్చుకోండి. ఛానెల్‌కు డబ్బు రావడం మొదలయ్యాక ఈ మాట ఎత్తితే మాటామాటా పెరుగుతుంది.

ప్రశ్న: మా తరగతిలో చూపు లేని విద్యార్థి ఒకరున్నారు. పాఠ్యపుస్తకాన్ని మొత్తం చదివి రికార్డు చేసి ఇవ్వవచ్చునా? (పాలకొల్లు)

జవాబు: నిరభ్యంతరంగా. పూర్తి పుస్తకమైనా సరే. వైకల్యం ఉన్నవారికి అందుబాటులోకి తెచ్చేందుకు ఏ రచననైనా తగిన రూపంలోకి మార్చుకోవచ్చని 2012 సవరణ 52(1)(జడ్‌బి)లో చెప్పింది. లాభాపేక్ష ఉండకూడదు, ఆ ప్రతి వారికి తప్ప ఇతర వ్యాపారానికి వెళ్ళకూడదు. చూపు లేనివారి పుస్తకాల కోసం ఏర్పడిన మరాకేష్ అంతర్జాతీయ ఒప్పందాన్ని 2014లో అందరికంటే ముందు ఆమోదించిన దేశం మనదే. రికార్డింగు మొదలుపెట్టే ముందు సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయంలో ఆ పుస్తకం ఇప్పటికే ఉందేమో చూడండి. మీకు శ్రమ తప్పుతుంది.

ప్రశ్న: పరిశోధక విద్యార్థిని. ఇతరుల పుస్తకం నుంచి ఎంత తీసుకున్నా కింద పేరు, పేజీ ఇస్తే సరిపోతుంది కదా? (కాకినాడ)

జవాబు: సరిపోదు, ఇక్కడ రెండు వేరువేరు తప్పులు కలగలిసిపోతున్నాయి. పేరు చెప్పకపోవడం గ్రంథచౌర్యం. దానికి విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018 నిబంధనలు ఉన్నాయి, 10 శాతం దాకా పోలిక ఉంటే శిక్ష లేదు, ఆ పైన మెట్లు మెట్లుగా శిక్షలు. కాపీరైట్ ఉల్లంఘన వేరు. ముప్పై పేజీలు యథాతథంగా తీసుకుని ప్రతి పేజీ కింద పేరు రాసినా, అది విమర్శకో సమీక్షకో పరిశోధనకో అవసరమైనంత మేరకు మించితే ఉల్లంఘనే. చాలామంది పరిశోధకులు 10 శాతం లెక్కను కాపీరైట్ చట్టానికి అంటగడుతున్నారు. దానికీ దీనికీ సంబంధం లేదు. సిద్ధాంత గ్రంథంలో ఇమిడిన ఉల్లేఖనలను రేపు పుస్తకంగా అచ్చువేసేటప్పుడు మరొకసారి పరిశీలించుకోండి, ముఖ్యంగా పటాలు, ఛాయాచిత్రాలు, పూర్తి కవితలు.

ప్రశ్న: తాడేపల్లిగూడెం దగ్గర కళాశాలలో లైబ్రేరియన్‌ను. అధ్యాపకులు జర్నళ్ళ వ్యాసాలు డౌన్‌లోడ్ చేసి అందరికీ పంపమని అడుగుతుంటారు. ఇంకొకటి, మా దగ్గర శిథిలమైపోతున్న పాత పుస్తకాలు కొన్ని ఉన్నాయి. వాటిని స్కాన్ చేయవచ్చునా?

జవాబు: మీది ప్రభుత్వ సంస్థ అయితే 2025 జనవరి నుంచి అమల్లో ఉన్న వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకం మీకు వర్తిస్తుందేమో ముందు చూసుకోండి. ముప్పై మంది ప్రచురణకర్తల నుంచి దాదాపు 13 వేల జర్నళ్ళను ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకు, విశ్వవిద్యాలయ గ్రంథాలయాలను కలిపే ఇన్‌ఫ్లిబ్‌నెట్ అనే కేంద్రం ద్వారా అందించే పథకం అది; మూడేళ్ళకు 6 వేల కోట్ల రూపాయలు కేటాయించారు. సభ్యత్వం ఉన్నచోట వ్యాసాన్ని పంపడం కంటే దాని లింకు పంపడం మేలు. విద్యార్థి తన లాగిన్‌తో తెరుచుకుంటాడు, వాడకం లెక్కలోకి వస్తుంది, ఒప్పందానికీ భంగం ఉండదు. ఇలాంటి ఒప్పందాల్లో సంచికలకు సంచికలు యంత్రంతో దించుకోవడాన్ని, పాస్‌వర్డ్ బయటివారికి ఇవ్వడాన్ని సాధారణంగా నిషేధిస్తారు. ఒక్కరు చేసిన పనికి కళాశాల మొత్తానికి సేవ నిలిచిపోతుంది కాబట్టి ఆ సంగతి నోటీసు బోర్డులో పెట్టండి.

పాత పుస్తకాల్లో ముందు గడువు తీరినవాటిని వేరు చేయండి. 1907లో వెలువడిన గోదావరి జిల్లా గెజిటీర్ లాంటి ప్రభుత్వ ప్రచురణల మీద హక్కు ప్రచురణ తరువాత 60 ఏళ్ళకు తీరిపోతుంది కాబట్టి అలాంటివాటిని నిశ్చింతగా స్కాన్ చేసి అందరికీ పెట్టవచ్చు. గడువు తీరనివాటిలో, మన దేశంలో అమ్మకానికి దొరకని పుస్తకానికి వ్యాపారేతర ప్రజా గ్రంథాలయం తన వాడుక కోసం మూడు ప్రతుల దాకా తీసుకోవచ్చని 52(1)(ఓ), తన దగ్గర అచ్చు ప్రతి ఉన్న రచనను భద్రపరచడానికి ఎలక్ట్రానిక్ రూపంలో నిల్వ చేసుకోవచ్చని 52(1)(ఎన్) చెబుతున్నాయి. కళాశాల గ్రంథాలయం ప్రజా గ్రంథాలయం అవుతుందా అన్నదానిమీద వాదనకు చోటుంది. మీ గ్రంథాలయంలో ఊరివారికి కూడా కూర్చుని చదువుకునే వీలు ఉంటే, ఆ మాట మీ నియమావళిలో రాతపూర్వకంగా చేర్చండి. స్కాన్ చేసిన ఫైళ్ళను వెబ్‌సైట్‌లోకి ఎక్కించకుండా గ్రంథాలయంలోని కంప్యూటర్ మీదే చూపించండి. చెదలు పట్టినవి, పేజీలు రాలిపోతున్నవి ముందు తీసుకోండి. వానాకాలం వస్తే డెల్టాలో ఆ కాగితం నిలవదు.